శ్రీశైల పాదయాత్ర - పసిబిడ్డలు

మాఘ బహుళ చతుర్దశి సమీపించుటతోడనే నల్లమలకు తూర్పున నున్న మార్కాపురము, గిద్దలూరు, కంభము, యెఱ్ఱగొండపాలెము ప్రాంతముల దారులన్నియు నొకే దిక్కునకు మరలును. ఊరూర భజనగుంపులు బయలుదేరును. మండలదీక్ష పూర్తిచేసినవారు ఇరుముడి తలకెత్తుకొని దోర్నాల చేరి, అచటనుండి ఘాటుదారి పట్టి శ్రీశైలమునకు నడచిపోవుదురు. కొన్ని వారములకే ఉగాది వచ్చును. అప్పుడు కన్నడదేశమునుండి వచ్చు భక్తులతో కొండకు పడమటనున్న ఆత్మకూరు దారియు నిండిపోవును. ఈ గుంపులను శ్రద్ధతో చూచువారికి ఒక సంగతి గోచరింపకపోదు. తల్లి చంకలో చంటిబిడ్డ, తండ్రి భుజముపై నాలుగేండ్ల బాలుడు, వారి వెనుక తల్లి కొంగు పట్టుకొని ఉత్తకాళ్లతో నడచు ఆరేండ్ల బాలిక: ఇట్టి కుటుంబములు ప్రతి గుంపులోను కానవచ్చును. ఈ పసివారిని కొండకు నడిపింపవచ్చునా? నడిపించుటయే తగునేని ఎట్లు నడిపింపవలయును? ఇది ఇంటింట చర్చింపదగిన విషయమేగాని యాత్రనాడు దారిలో తేల్చుకొనదగినది కాదు.

ఈ సీమకును శ్రీశైలమునకును గల సంబంధము నేటిది కాదు. త్రిపురాంతకము శ్రీశైలక్షేత్రమునకు తూర్పుద్వారమని పెద్దలు చెప్పుదురు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో పర్వతప్రకరణమని ఒక భాగమునే ఈ కొండకు కేటాయించెను. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని మన చరిత్రకారులు గర్వముతో వ్రాయుదురు. ఆ రాజు చేసిన పనిని ఒక్క నిముసము ఆలోచింపుడు. కండబలముగల పడుచువానికి మెట్లతో పనియేమి? రాతినుండి రాతికి దుమికి వాడు కొండనెక్కగలడు. మెట్లు కావలసినది మోకాలు నొచ్చిన ముసలివానికి, బిడ్డనెత్తుకొన్న తల్లికి, అడుగు చిన్నదియైన పసివానికి. కొండకు మెట్లు కట్టించుటయనగా యాత్రికులలో బలహీనుడెవడో వానిని ముందుగా తలచుకొనుట. ఇది మన పూర్వుల మర్యాద. ఆ మర్యాదను మనము నిలుపుకొంటిమా యను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, ఆత్మకూరు మీదుగా నల్లమల చొచ్చి శ్రీశైలమును దర్శించిరి. వారిది పెద్ద పరివారము, ఆడువారును వెంటనుండిరి. మజిలీ మజిలీకి నీరు ఎచట దొరకును, నీడ ఎచటనున్నది, బోయీలు ఎచట దొరకుదురు అని విచారించుకొనుచు వారు సాగినట్లు కాశీయాత్ర చరిత్రవలన తెలియుచున్నది. నాడు మోటారు లేదు, టెలిఫోను లేదు, ఆసుపత్రి లేదు. అయినను మజిలీయను మాటకు విలువయుండెను. నేడు అన్నియు నున్నవి. మజిలీ మాత్రము మాయమైనది. సాయంకాలము దోర్నాలలో బయలుదేరి తెల్లవారునప్పటికి కొండమీద నుంటిమని చెప్పుకొనుట గొప్పయైపోయినది. ఆ వేగము పెద్దవారు తమకు తాము విధించుకొన్నచో అది వారి యిష్టము. పిల్లవానిని ఆ వేగమునకు కట్టివేయుటకు వారికి హక్కులేదు.

ఇచట ఒక చిక్కు కలదు. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు. ఈ ప్రాంతమున పెక్కండ్రు బిడ్డలు మల్లన్న యిచ్చినవారే. సంతానము కలుగనిచో కొండకు మ్రొక్కుకొందురు. బిడ్డకు జబ్బుచేసినచో కొండకు మ్రొక్కుకొందురు. మల్లికార్జునుడు, మల్లయ్య, భ్రమరాంబ, శ్రీశైలము అను పేర్లు లేని పల్లె ఇచట అరుదు. బిడ్డ బ్రదికినచో నడిపించి తెత్తునని తల్లి పలికిన మాట ఆమెకు ఋణము వంటిది. ఆ ఋణమును పరిహసించువారు ఆమె హృదయమును ఎఱుగనివారు. కాని ఒక్కటి మనవిచేయక తప్పదు. మ్రొక్కు పెద్దలది, నడక పిల్లవానిది. మ్రొక్కిననాడు బిడ్డను ఎవరును అడుగలేదు. అడిగినను చెప్పగల వయసు కాదు. తన నోట రాని మ్రొక్కును తన కాళ్లతో తీర్చుచున్న ఆ పసివాని పక్షమున ఆలోచింపవలసిన భారము తలిదండ్రులది.

లెక్క చూతము. మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు దాదాపు 80 కిలోమీటర్లు. అందు దోర్నాలనుండి పైకి దాదాపు 50 కిలోమీటర్లు అడవి, ఘట్టము. గిద్దలూరు ప్రక్కనుండి వచ్చువారికి ఇంకను ఎక్కువ. దీనిని మూడు దినములలో ముగింపవలెనన్నచో దినమునకు 27 కిలోమీటర్లు నడువవలయును. పెద్దవాని అడుగు ముప్పాతిక మీటరనుకొన్నచో 80 కిలోమీటర్లకు లక్షపైచిలుకు అడుగులు. ఆరేండ్ల బిడ్డ అడుగు అరమీటరే. వానికి అవియే 80 కిలోమీటర్లు లక్షయరువది వేల అడుగులు. తండ్రి రెండడుగులు వేయునప్పటికి బిడ్డ మూడడుగులు వేయవలయును. అంతియకాదు. పిల్లల దేహము బరువుతో పోల్చినచో చర్మవిస్తీర్ణము ఎక్కువ. ఎండ వారిని త్వరగా కాచును. దాహమైనదని వారు వేళకు చెప్పరు; ఆటలోనో పాటలోనో మఱచిపోయి, ఒక్కసారిగా వాడిపోవుదురు. అలసిన పెద్దవాడు కూర్చుండును. అలసిన బిడ్డ ఏడ్చును. ఆ యేడుపును మంకుతనమని గదమాయించుట ఈ దారిలో ప్రతిదినము వినవచ్చు సంగతియే.

ఇక దారియో. శివరాత్రికి నల్లమలలో ఆకులు రాలుట ఆరంభమగును. ఉగాదినాటికి అడవియంతయు మోడువారును. నీడ కొఱకు అడవిదారి పట్టితిమనుకొన్నవారికి నీడయే దొరకదు. ఆత్మకూరు వైపు కాలిదారి వేంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారమునకు పోవును. భీమునికొలనునుండి పైకి రాతిమెట్ల యెక్కుడు పెద్దవారికే ఊపిరి సలుపనీయదు. దోర్నాల వైపువారు మోటారుబాట వెంటనే నడతురు. తారుదారి మధ్యాహ్నమున కాగిన పెనమువలె నుండును. దీక్షలో నున్నవారు చెప్పులు ధరింపరు. వారిని చూచి బిడ్డల కాళ్లకును చెప్పులు లేకుండజేయుదురు. ఆ మలుపులలోనే బస్సులును కార్లును ఎడతెగక వచ్చును. చీకటిలో తండ్రి నడుమునకు రాని బిడ్డ వాహనమును నడుపువాని కంటికి ఎట్లు తోచును?

మఱియు ఈ యడవి ఒట్టి యడవి కాదు. 1978లో వన్యప్రాణి సంరక్షణస్థలముగ ప్రకటింపబడి 1983లో పులుల సంరక్షణ పథకమున చేరిన మహారణ్యము. పెద్దపులి యాత్రికుల రద్దీనుండి సాధారణముగ తొలగిపోవును. చిఱుతపులి సంగతి వేఱు. తిరుమలలో ఏమి జరిగినదో మనకు తెలియనిది కాదు. 2023 జూనులో అలిపిరి మెట్లదారిలో ఒక పసిబాలుని చిఱుత పట్టుకొనిపోయి, జనుల కేకలకు విడిచిపెట్టినది. ఆగస్టులో అదే దారిలో ఆరేండ్ల బాలిక దానికి బలియయ్యెను. విద్యుద్దీపములును దుకాణములును జనసందోహమును గల 9 కిలోమీటర్ల దారిలో ఇది జరిగినది. అటుపిమ్మటనే దేవస్థానమువారు 15 ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల తరువాత మెట్లదారిలో విడువరాదని నిబంధన చేసిరి. నియమము రావలసినదే, కాని ఒక తల్లి కడుపు మాడినపిదప వచ్చినది. నల్లమలలో ఆ క్రమము తలక్రిందులు కావలయును. నియమమే ముందు రావలయును.

ఇంత చెప్పినపిదప, అయినచో పిల్లలను నడిపించుటయే మానుడని చెప్పవచ్చును గదా యని కొందఱందురు. పట్టణములలోని చదువుకొన్న మిత్రులు ఈ మాట తఱచుగా అనుచున్నారు. బస్సులున్నవి, కార్లున్నవి, రెండు మూడు గంటలలో దర్శనమునకు పోయి రావచ్చును. పసివారిని హింసించుట యేల యని వారి వాదము. ఈ వాదమునకు బలము లేకపోలేదు. కాని దీనితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము.

ఏలయన, నడక పిల్లవానికి ఇచ్చునది కారు ఈయజాలదు. కారులో పోవు బాలునికి నల్లమల కిటికీలో పరుగెత్తు పచ్చనిగీత, కొంతసేపటికి వాంతి, ఆపైన నిద్ర. నడచు బాలునికి అదియే నల్లమల ఏగిచెట్టు, మద్దిచెట్టు, చీమలపుట్ట, నెమలికూత, రాతిక్రింద చల్లదనము. తుమ్మలబైలులోనో చిన్నారుట్లలోనో చెంచుల పిల్లలు వానికి కనబడుదురు. మల్లన్నను చెంచు మల్లయ్యయని పిలిచి తమ యల్లునిగా చెప్పుకొను జాతి అది. దేవుడు వారి యింటి బంధువని విన్న బాలునకు ఆ పిల్లలు అడవిమనుష్యులుగా తోపరు. తనకంటె ముందు దేవునికి చుట్టములైనవారుగా తోతురు. ఈ పాఠమును ఏ వాచకమును ఇంత సులభముగా చెప్పదు. ఒకప్పుడు దేశమందలి పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న పలకలలో పెక్కింటిని మార్కాపురము గనులే యిచ్చినవి. ఆ పలకలపై వ్రాసినది నీళ్లతో తుడుచుకొనిపోవును. కాళ్లతో చదివినది పోదు. చిన్ననాడు ఈ యడవిలో నడచినవాడు పెద్దవాడై దానికి నిప్పుపెట్టడు. దానిని నఱకుచుండగా ఊరకుండడు. ఎండకాలమున బావులడుగంటు ఈ సీమకు నల్లమల రక్షణ ఎంత ముఖ్యమో, గుండ్లకమ్మ యెచట పుట్టునో తెలిసిన రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

కావున మా మతమిది: పిల్లలను నడిపింపుడు, కాని పిల్లల నడక నడువుడు. దానికి తగిన మార్గము ఇంతకుముందే కొండమీదనే కలదు. దోర్నాలనుండి వచ్చు దారిలో శ్రీశైలమునకు 8 కిలోమీటర్లముందు శిఖరేశ్వరము వచ్చును. అచట నువ్వులు చల్లి, నంది కొమ్ములనడుమనుండి ఆలయశిఖరమును చూచినవారికి పునర్జన్మ లేదని నమ్మకము. అచటనుండి దారి క్రిందికి దిగును. హాటకేశ్వరము, ఫాలధార పంచధార, పిమ్మట సాక్షిగణపతి. చిన్నబిడ్డలుగల కుటుంబములు శిఖరేశ్వరము వఱకు బస్సులో వచ్చి, తెల్లవాఱుజామున కాక తెల్లవాఱినపిదప నడక మొదలిడి, ఒక్కొక్క క్షేత్రమువద్ద కూర్చుండి, బిడ్డకు కథ చెప్పుచు, మధ్యాహ్నపు టెండకు ముందే స్వామిసన్నిధికి చేరవచ్చును. ఆరేండ్ల బిడ్డకు ఈ 8 కిలోమీటర్లు చాలినంత యాత్ర. మ్రొక్కు తీఱలేదని ఎవరనగలరు? వచ్చినవారి పేర్లు వ్రాసికొనుటకే గదా సాక్షిగణపతి అచట కలము పట్టుకొని కూర్చున్నది! ఎన్ని కిలోమీటర్లు నడచితివని ఆయన అడిగినట్లు ఏ పురాణమును చెప్పలేదు.

ఎనిమిదేండ్లు నిండనివారిని మొత్తము దారి నడిపించుట మా దృష్టిలో తగదు. పెద్దపిల్లలతో పూర్తియాత్ర చేయదలచువారు దినమునకు పది పండ్రెండు కిలోమీటర్లకు మించని మజిలీలు ఏర్పఱచుకొనవలయును. మార్కాపురమునుండి దోర్నాల వఱకు ఊళ్లమీదుగా ఈ విధముగ నడచి, అడవిభాగమున బస్సెక్కి, మరల శిఖరేశ్వరమువద్ద దిగుట అన్నింటికంటె క్షేమము. ప్రొద్దుగ్రుంకినపిదప పిల్లలతో అడవిలో అడుగు వేయరాదు. బిడ్డ పెద్దలకు ముందు గాని వెనుక గాని కాక నడుమ నడువవలయును. అలిపిరిలో ఆ బాలిక తనవారికంటె కొంచెము ముందుగా నడచుచుండెనని నాటి వార్తలు తెలిపినవి. బిడ్డకు చెప్పులు తొడుగుట దీక్షాభంగము కాదు; దీక్ష వానిది కాదు గదా. దాహమనకమున్నే నీరిడవలయును. వాంతులో విరేచనములో అయినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యుని చేరవలయును. ఇవి పెద్ద శాస్త్రములు కావు. ఇంటి ముసలమ్మ చెప్పు జాగ్రత్తలే. గుంపుమోజులో మఱపునకు వచ్చుచున్నవి.

కుటుంబములు చేయవలసినవి ఇవి. ఇక ప్రజాసంస్థలు చేయవలసినవి. మహారాష్ట్రులు ఆళందినుండి పండరిపురమునకు సుమారు 250 కిలోమీటర్లు దాదాపు మూడు వారములలో నడతురు. లక్షలజనము, అయినను ఏనాడు ఏయూర మజిలీయో ముందే నిర్ణయము. ప్రతివాడును ఒక దిండీకి చెందినవాడు. తప్పిపోయినవానిని వెదకుటకు ఆ దిండీయున్నది. శబరిమలకు పోవు పిల్లల మణికట్టునకు పంబవద్దనే గుర్తింపుపట్టీలు కట్టుచున్నారు. ఈ రెండును మనకు దుస్సాధ్యములా? దోర్నాలవద్ద ఒక పందిరి వేసి, వచ్చిన ప్రతి బిడ్డ మణికట్టునకు పేరు, ఊరు, తండ్రి ఫోను నెంబరు వ్రాసిన పట్టీ కట్టుటకు ఎంత వ్యయమగును? శివరాత్రి దినములలో శిఖరేశ్వరమునుండి ఆలయము వఱకు ఉదయముపూట బాటకొక ప్రక్కను త్రాళ్లు కట్టి పాదచారులకు విడిచిపెట్టుట దేవస్థానమువారికిని రక్షకభటశాఖవారికిని అసాధ్యము కాదు. ఘాటుదారి మజిలీలలో అటవీశాఖవారు దారి యెఱిగిన చెంచు యువకులను కూలి యిచ్చి కాపు నిలుపవలయును. ఆ యడవిని వారికంటె నెఱిగినవారు లేరు; యాత్రవలన కొండజాతికి కలుగవలసిన మేలును కొంత కలుగును.

అన్నిటికిని ప్రభుత్వము వంక చూచుట మన యలవాటు. కాని మార్కాపురమునుండి దోర్నాల వఱకు గల దారి ఊళ్లదారి. అది రైతులది, వర్తకులది. చలివేంద్రము పెట్టుట మన పెద్దలు ఎవరి యుత్తరువునకును కాచుకొనక చేసిన ధర్మము. ఈ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు మిక్కుటమని, పండ్లు గారపట్టుట మొదలు ఎముకలు వంకరపోవుట వఱకు దాని కీడు ఎట్టిదో ఇచటి ప్రతి తల్లికిని తెలియును. కావున చలివేంద్రమునకు ఏదో యొక నీరు చాలదు. శుద్ధిచేసిన నీరే పోయవలయును. ప్రతి గ్రామమునను నలుగురు రైతులు కలిసి నాలుగు దినములు ఒక పందిరి, రెండు మంచములు, మజ్జిగ, ఒక ట్రాక్టరు సిద్ధముగ నుంచినచో, అలసిన బిడ్డలను తరువాతి మజిలీకి చేర్చవచ్చును. కోనేళ్లు త్రవ్వించినవారి మనుమలు కుండెడు నీటికి వెనుదీయుదురని మేము నమ్మము.

చివరకు ఒక్క మాట. భక్తికి కష్టము గుర్తని తలచువారు మనలో పెక్కండ్రు కలరు. తాను కష్టపడినచో అది తపస్సు కావచ్చును. ఇతరుని కష్టపెట్టినచో అది తపస్సు కానేరదు. ఆ యితరుడు తన కన్నబిడ్డయైనను న్యాయమింతే. నేడు కాళ్లు బొబ్బలెక్కి ఏడ్చుచు కొండ చేరిన బాలుడు రేపు పెద్దవాడైనపిదప ఆ కొండవంక చూడడు. నేడు ఆడుచు పాడుచు, అడిగినచోట నీరు దొరకి, అలసినచోట ఒడి దొరకి సన్నిధి చేరినవాడు తన బిడ్డల చేయి పట్టుకొని మరల వచ్చును. ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించి ఆఱువందల యేండ్లు దాటినది. రాతిమెట్లు కట్టించు శక్తి మనకు లేకపోవచ్చును. దినమునకు ఒక మజిలీ తగ్గించుకొనుటకు, అడుగు చిన్నది చేసికొనుటకు శక్తి యక్కఱలేదు. రాబోవు శివరాత్రికి మార్కాపురము, గిద్దలూరు సీమలనుండి బయలుదేరు ప్రతి గుంపును తనలో మిక్కిలి చిన్నవానిని ముందుగా లెక్కించుకొని, వాని యడుగునుబట్టి మజిలీలు నిర్ణయించుకొనునుగాక యని కోరుచున్నాము.